ఒకే డాలరుకు రెండుసార్లు పన్ను కట్టకుండా: రాత్ మార్పిడిని రిటర్నులో చూపే పద్ధతి

(2026 ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగు కుటుంబాల ఆదివారపు సమావేశంలో ఒక పన్ను సలహాదారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, పులిహోర, గుత్తివంకాయ కూర తిన్న తరువాత, పన్ను ఫారాల గురించి మాట్లాడమని నన్ను పిలిచిన నిర్వాహకుల ధైర్యాన్ని ముందుగా మెచ్చుకోవాలి. కునుకు వచ్చినవారు నిరభ్యంతరంగా కునుకు తీయవచ్చు. కానీ నేను 8606 అన్న అంకె పలికినప్పుడు మాత్రం పక్కవారు వారిని తట్టి లేపండి. ఈరోజు మీరు ఇంటికి తీసుకువెళ్లవలసిన అంకె అదొక్కటే.

నేను మాట్లాడేది కూడా ఒకే ఒక్క విషయం. ఐఆర్ఏ అంటే పదవీ విరమణ కోసం ఎవరికి వారు సొంతంగా దాచుకునే ఖాతా, దానిలో ట్రెడిషనల్, రాత్ అని రెండు రకాలు. 2025లో మీరు ట్రెడిషనల్ ఐఆర్ఏలో ఉన్న సొమ్మును రాత్ ఐఆర్ఏలోకి మార్చి ఉంటే, ఆ మార్పిడిని ఈ ఏప్రిల్ 15లోగా వేయవలసిన రిటర్నులో ఎలా చూపాలి? అంతే. మార్చడం లాభమా, నష్టమా అన్నది వేరే చర్చ, దానికి ఇంకో ఆదివారం, ఇంకో పులిహోర కావాలి. మార్చేశారు, బ్యాంకు నుంచో బ్రోకరేజీ నుంచో కాగితం వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి అన్నదే నేటి మాట.

ముందుగా రెండు మాటల్లో పూర్వరంగం. ట్రెడిషనల్ ఐఆర్ఏ 1974 నాటి చట్టంతో వచ్చింది. రాత్ ఐఆర్ఏ 1997 చట్టంతో పుట్టి 1998 నుంచి అమలులోకి వచ్చింది, డెలావేర్ సెనేటర్ విలియం రాత్ పేరు దానికి నిలిచిపోయింది. మొదటిదానిలో పన్ను తరువాత, సొమ్ము తీసుకునేటప్పుడు. రెండోదానిలో పన్ను ముందు, సొమ్ము వేయకముందే. రాత్‌లో నేరుగా డబ్బు వేయడానికి ఆదాయ పరిమితి ఉంది. 2025లో కలిసి రిటర్ను వేసే దంపతులకు 2,36,000 డాలర్ల దగ్గర ఆ అర్హత తగ్గడం మొదలై 2,46,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మన ఇళ్లలో చాలామంది ఈ గీత దాటి ఉంటారు. అయితే ట్రెడిషనల్ నుంచి రాత్‌కు మార్చుకోవడానికి ఉన్న లక్ష డాలర్ల ఆదాయ పరిమితిని 2010 నుంచి తీసివేశారు. అంటే, నేరుగా వేయలేనివారు ముందు ట్రెడిషనల్‌లో వేసి, పన్ను మినహాయింపు తీసుకోకుండా, తరువాత దానిని రాత్‌లోకి మార్చుకోవచ్చు. దీనినే బ్యాక్‌డోర్ రాత్ అంటున్నారు. ఈ మాటను దొడ్డిదారి అని తెలుగు చేయకండి. మన భాషలో దొడ్డిదారి అంటే చేయకూడని పని చేసినట్లు వినిపిస్తుంది. ఇది చట్టం ఒప్పుకున్న దారే. కావాలంటే పెరటి తలుపు అందాం.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల అక్కడే మొదలైంది. అప్పటికి నేను ఈ వృత్తిలో లేను, మీలాగే ఐటీ ఉద్యోగిని. 2011లో నేను 5,000 డాలర్లు ట్రెడిషనల్ ఐఆర్ఏలో వేశాను, అప్పటి పరిమితి అంతే. వారం తిరగకుండా రాత్‌లోకి మార్చాను. ఆ 5,000 నా జీతంలోంచి పన్ను కట్టిన తరువాత మిగిలిన సొమ్ము. మరుసటి ఏడాది రిటర్ను తయారు చేసిన పెద్దమనిషి చేతికి వచ్చిన కాగితంలో 5,000 అని ఉంది కాబట్టి, 5,000కూ పన్ను వేసేశారు. 28 శాతం స్లాబు. 1,400 డాలర్లు. నేను మారు మాట్లాడకుండా కట్టాను. ఎందుకు కట్టాను? కాగితం మీద అచ్చు వేసి ఉంది కదా అని. తప్పు జరిగిందని మూడో ఏడాది నాకే అనుమానం వచ్చి, ఫారాలు, సూచనల పుస్తకాలు ముందేసుకుని చదివి, సవరణ రిటర్ను వేస్తే, ఆ 1,400 తిరిగి వచ్చింది. ఆయనను నేను తప్పు పట్టను. ఆ 5,000కు ముందే పన్ను కట్టానని నేను ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు, కాగితంలో లేదు.

కాగితంలో లేదు అన్నాను. ఆ కాగితం 1099-ఆర్. జనవరి ఆఖరుకల్లా మీకు వచ్చి ఉండాలి. ఎంతమంది తెచ్చుకున్నారు? మంచిది, ఫోనులో ఉన్నవారు ఫోనులోనే తెరవండి. 1వ బాక్సు చూడండి, అక్కడ ట్రెడిషనల్ ఖాతా నుంచి బయటకు వెళ్లిన మొత్తం సొమ్ము ఉంటుంది. 2ఏ బాక్సు చూడండి, పన్ను పడే మొత్తం అని దాని పేరు. చాలామందికి అక్కడ కూడా అదే అంకె కనిపిస్తుంది. గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడు దాని కిందనే ఉన్న 2బీ చూడండి. అక్కడ ఒక చిన్న గడిలో టిక్కు ఉంటుంది, దాని అర్థం ఏమిటంటే, పన్ను పడే మొత్తం ఎంతో మేము నిర్ణయించలేదు అని. గమనించారా? పైన ఒక అంకె వేసి, కిందనే ఈ అంకెకు మాది పూచీ కాదు అని రాశారు. ఇది వారి తప్పు కాదండీ. మీరు ఆ సొమ్ము మీద మినహాయింపు తీసుకున్నారో లేదో వారికి తెలియదు, ఇతర కంపెనీలలో మీకు ఇంకా ఎన్ని ఐఆర్ఏలు ఉన్నాయో తెలియదు. తెలిసినవారు ఈ లోకంలో ఒక్కరే, మీరు.

7వ బాక్సులో ఒక కోడు ఉంటుంది. మీకు 59 సంవత్సరాల ఆరు నెలలు నిండకపోతే సాధారణంగా 2, నిండి ఉంటే 7. దాని పక్కన ఐఆర్ఏ అన్న గడిలో టిక్కు ఉండాలి. కోడు 2 చూసి, ముందుగా తీసుకున్నందుకు 10 శాతం జరిమానా పడుతుందేమోనని భయపడనవసరం లేదు, మార్పిడికి ఆ జరిమానా లేదు. మే నెల ఆఖరులో 5498 అనే ఇంకో కాగితం వస్తుంది, దానిలో 3వ బాక్సులో రాత్‌లోకి చేరిన సొమ్ము ఉంటుంది. రిటర్ను వేసే నాటికి అది రాదు, దానికోసం ఆగనవసరం లేదు, వచ్చాక దాచుకోండి. కానీ ఒక్క మాట. ఐఆర్ఎస్‌కు, అంటే అమెరికా ఆదాయపన్ను శాఖకు, ఆ రెండు కాగితాలూ వెళతాయి. మీరు మాట్లాడకపోతే, వారి దగ్గర ఉన్న కాగితాలే మాట్లాడతాయి.

మరి మీరు మాట్లాడవలసిన చోటు ఏది? పక్కవారిని లేపండి. ఫారం 8606.

ఈ ఫారం మూడు భాగాలు. మొదటి భాగంలో మీరు మినహాయింపు తీసుకోకుండా ట్రెడిషనల్ ఐఆర్ఏలో వేసిన సొమ్ము లెక్క. ఈ సొమ్మును బేసిస్ అంటారు, అంటే ఒకసారి పన్ను కట్టేసిన సొమ్ము అని గుర్తుంచుకుంటే చాలు. రెండో భాగం రాత్ మార్పిడి. మూడోది రాత్ నుంచి డబ్బు తీసుకున్నవారికి, ఈరోజు మనకు పని లేదు. రెండు పేజీల ఫారమే, ఏ లైనులోనూ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మించి ఏమీ లేదు. మనమంతా ఎంసెట్ రాసి వచ్చినవాళ్లమే కదా.

ఒక దంపతులను తీసుకుందాం. ఇద్దరి జీతాలూ కలిపి 3,00,000 డాలర్లు, ఇద్దరికీ ఆఫీసులో 401(కే), అంటే కంపెనీ ద్వారా నడిచే పదవీ విరమణ ఖాతా, ఉంది. అందువల్ల ట్రెడిషనల్ ఐఆర్ఏలో వేసినా మినహాయింపు రాదు, ఆ మినహాయింపు ఇలాంటి దంపతులకు 2025లో 1,46,000 దగ్గరే ఆగిపోతుంది. ముందు భార్య సంగతి. ఆమె 2025 ఫిబ్రవరిలో 7,000 వేసింది, మార్చిలో మార్చింది. ఆ కొద్ది రోజుల్లో 12 డాలర్ల వడ్డీ వచ్చి మార్చేనాటికి 7,012 అయింది. ఆమెకు వేరే ఐఆర్ఏ ఏదీ లేదు. ఇప్పుడు 8606లో 1వ లైను, ఈ ఏడాది వేసిన సొమ్ము, 7,000. 2వ లైను, గత సంవత్సరాల నుంచి మిగిలిన బేసిస్, సున్నా. 6వ లైను, డిసెంబరు 31న ఆమె ట్రెడిషనల్ ఐఆర్ఏలన్నిటిలో ఉన్న విలువ, సున్నా. 8వ లైను, మార్చినది, 7,012. లెక్క సాగితే రెండో భాగంలో 16వ లైనులో 7,012, 17వ లైనులో 7,000, 18వ లైనులో 12. పన్ను పడేది 12 డాలర్ల మీద. ఆ 12 కూడా వడ్డీ కాబట్టి. ఇదే అంకె అసలు రిటర్ను 1040లో 4బీ లైనుకు వెళుతుంది. 4ఏలో మొత్తం 7,012 వేయాలి. నా 2011 రిటర్నులో 4బీ వంటి చోట ఉండవలసినది దాదాపు సున్నా, ఉన్నది 5,000.

ఇప్పుడు భర్త దగ్గరికి వద్దాం. అసలు కష్టం ఈయనది. మీలో చాలామందికి ఈయనే బంధువు.

ఈయన ఐదేళ్ల క్రితం ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ 401(కే)లో ఉన్న సొమ్మును రోలోవర్ ఐఆర్ఏలోకి తెచ్చుకున్నారు. మంచి పనే అని అందరూ చెప్పారు. 2025 డిసెంబరు 31న దానిలో 93,000 డాలర్లు ఉన్నాయి, అంతా పన్ను కట్టని సొమ్ము. ఈయన కూడా భార్యలాగే కొత్తగా వేరే కంపెనీలో ఒక ట్రెడిషనల్ ఐఆర్ఏ తెరిచి, 7,000 వేసి, 7,000 మార్చారు. ఆయన వాదన ఏమిటి? నేను మార్చింది కొత్త ఖాతాలోని 7,000, దానికి పన్ను ఎప్పుడో కట్టేశాను, పాత ఖాతాను నేను ముట్టుకోలేదు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా?

పాలలో నీళ్లు కలిస్తే, హంస పాలను మాత్రం తాగి నీళ్లను వదిలేస్తుందని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. ఐఆర్ఎస్ దగ్గర హంసలకు చోటు లేదు. ఒక మనిషి పేరున ఉన్న ట్రెడిషనల్ ఐఆర్ఏలు, చిన్న వ్యాపారాల ద్వారా వచ్చే సెప్ ఐఆర్ఏలు, సింపుల్ ఐఆర్ఏలు ఎన్ని కంపెనీలలో ఉన్నా అవన్నీ ఒకే గిన్నె. ఆ గిన్నెలోంచి ఒక చెంబుడు తీస్తే, గిన్నెలో పాలు, నీళ్లు ఏ నిష్పత్తిలో ఉన్నాయో చెంబులోనూ అదే నిష్పత్తిలో ఉంటాయి. ఆయన గిన్నెలో ఏముంది? 6వ లైనులో 93,000. 8వ లైనులో 7,000. రెండూ కలిపితే 9వ లైనులో 1,00,000. దానిలో పన్ను కట్టేసిన సొమ్ము 7,000. 10వ లైనులో 0.07. అంటే మార్చిన 7,000లో పన్ను లేనిది 7 శాతమే, 490 డాలర్లు. మిగిలిన 6,510 మీద ఈ ఏడాదే పన్ను పడుతుంది. వారి స్లాబు 24 శాతం కాబట్టి సుమారు 1,562 డాలర్లు.

ఆ 1,562 వృథా అయిపోయిందా? కాలేదు, ఇక్కడే 8606 చేసే ఉపకారం ఉంది. 14వ లైను చూడండి. ఆయన 7,000 బేసిస్‌లో ఈ ఏడాది వాడుకున్నది 490, మిగిలిన 6,510 బేసిస్‌గా వచ్చే సంవత్సరానికి వెళుతుంది, వచ్చే ఏడాది 8606లో 2వ లైనులో కూర్చుంటుంది. ఎప్పటికైనా ఆ పాత ఐఆర్ఏ నుంచి డబ్బు తీసినప్పుడు ఆ 6,510 మీద మళ్లీ పన్ను పడదు. కానీ ఎప్పుడు? ఆ ఫారాల గొలుసు తెగకుండా ఉంటేనే. ఇరవై ఏళ్ల తరువాత ఆ అంకె ఏ బ్యాంకు దగ్గరా ఉండదు, ఏ 1099-ఆర్‌లోనూ ఉండదు, మీ 8606లో ఉంటుంది. అందుకే మామూలు రిటర్నుల లాగా కొన్నేళ్ల తరువాత పారేయకండి. ఆ ఐఆర్ఏలలో ఆఖరి డాలరు బయటకు వచ్చేదాకా 8606లన్నీ దాచవలసిందే. పెళ్లి ఆల్బమ్ పక్కన పెట్టుకోండి.

ఇంకో సంగతి గమనించారా? భర్త గిన్నెలో 93,000 ఉన్నా భార్య లెక్క చెడలేదు. ఐఆర్ఏ ఎవరిది వారిది, రిటర్ను కలిసి వేసినా 8606 మాత్రం ఎవరిది వారు విడిగా నింపాలి. వీరి ఉమ్మడి 1040లో 4ఏ లైనులో ఇద్దరిదీ కలిపి 14,012, 4బీలో 6,522 వస్తుంది.

ఆయన ఏం చేసి ఉంటే బాగుండేది అని అటువైపు ఎవరో అడుగుతున్నారు. ఇప్పుడు పనిచేసే కంపెనీ 401(కే) బయటి ఐఆర్ఏ సొమ్మును తీసుకునేటట్లయితే, ఆ 93,000 డిసెంబరు 31లోపు అందులోకి పంపి ఉండాల్సింది. 401(కే)లో ఉన్న సొమ్ము ఈ గిన్నెలోకి లెక్క రాదు. అన్ని కంపెనీలూ తీసుకోవు, అడిగి చూసుకోవాలి. దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఒకటి ఉంది, అది మనవాళ్లకు తరచుగా జరుగుతుంది. మార్చిలో శుభ్రంగా, సున్నా నిల్వతో మార్పిడి చేస్తారు. అక్టోబరులో ఉద్యోగం మారతారు. నవంబరులో పాత 401(కే)ని రోలోవర్ ఐఆర్ఏలోకి తెస్తారు. 6వ లైను అడిగేది మార్చిన రోజు నిల్వను కాదండీ, డిసెంబరు 31 నిల్వను. మార్చిలో చేసిన పని నవంబరులో చెడిపోతుంది. అలాంటప్పుడు రోలోవర్‌ను జనవరి దాకా ఆపుకుంటే సరిపోయేది. 2018 నుంచి మార్పిడిని వెనక్కి తిప్పుకునే వీలు కూడా లేదు. అంతకు ముందు ఉండేది, 2017 చట్టం తీసివేసింది.

ఇక సంవత్సరాల తికమక. ఐఆర్ఏలో వేయడానికి గడువు మరుసటి ఏడాది ఏప్రిల్ 15. మార్చడానికి మాత్రం అలాంటి వెసులుబాటు లేదు, ఏ క్యాలెండరు సంవత్సరంలో మారిస్తే ఆ సంవత్సరానిదే. ఒకాయన 2025 మార్చిలో, 2024 సంవత్సరానికి అని చెప్పి 7,000 వేసి, 2025 ఏప్రిల్‌లో మార్చారు అనుకుందాం. ఆ 7,000 వేసిన సంగతి 2024 రిటర్నులోని 8606లో చూపాలి, ఆ ఏడాది మార్పిడి లేదు కాబట్టి ఆ ఫారంలో 14వ లైను దాకా వచ్చి ఆగిపోవాలి. మార్చిన సంగతి 2025 రిటర్నులో చూపాలి, అక్కడ 2వ లైనులో నిరుటి 14వ లైను అంకె 7,000 వేసుకోవాలి. చాలామంది నిరుడు రిటర్ను వేసేటప్పుడు 1099-ఆర్ రాలేదు కదా అని ఏమీ చూపలేదు, ఈ ఏడాది 1099-ఆర్ వస్తే 2వ లైనులో వేయడానికి అంకె లేదు. మొత్తం 7,000 మీద పన్ను పడింది. వీలైతే వేయడం, మార్చడం రెండూ ఒకే సంవత్సరంలో, ఆ సంవత్సరానికే చేసుకోండి, మీ తలకు, నా తలకు నొప్పి తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా వేసుకునేవారికి ఒక హెచ్చరిక. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇందులో రెండు వేర్వేరు చోట్ల ప్రశ్నలు అడుగుతుంది. ఆదాయం దగ్గర 1099-ఆర్ గురించి అడుగుతుంది. మినహాయింపుల దగ్గర ఐఆర్ఏలో ఎంత వేశారని అడుగుతుంది. మొదటిది నింపగానే మీకు రావలసిన రీఫండు 1,600, 1,700 డాలర్లు ఢమాలున పడిపోతుంది. కంగారు పడి చాలామంది అక్కడే ఆగి, 2ఏ బాక్సులో అంకెను సున్నాగా మార్చేస్తారు. అలా చేయకండి. కాగితంలో ఉన్నది ఉన్నట్లు ఎక్కించి, ఈ సొమ్ము రాత్‌కు మార్చాను అని చెప్పి, తరువాత మినహాయింపుల దగ్గరికి వెళ్లి, ట్రెడిషనల్‌లో 7,000 వేశాను అని చెబితే, రీఫండు తిరిగి లేస్తుంది. మాకు మినహాయింపు రాదు కదా, ఆ పేజీకి ఎందుకు వెళ్లాలి అని దానిని దాటవేసేవారే ఎక్కువ. ఆ పేజీకి వెళ్లకపోతే 8606 మొదటి భాగం నిండదు. చివరిలో పీడీఎఫ్ తీసుకుని 8606 ఉందో లేదో, 1040లో 4బీ ఎంత ఉందో మీ కళ్లతో చూసుకోండి. ఈ ఒక్క పని చేసినా ఈరోజు నేను వచ్చినందుకు ఫలితం దక్కినట్లే.

ఎప్పుడూ మినహాయింపు తీసుకున్న సొమ్మే ఉంది, బేసిస్ ఏమీ లేదు అన్నవారికి పని సులువు. వారు రెండో భాగం ఒక్కటే నింపితే చాలు, 17వ లైను సున్నా, మార్చినదంతా పన్నుకు వెళుతుంది. అలాగే 401(కే) నుంచి నేరుగా రాత్ ఐఆర్ఏకు వెళ్లినవారి 1099-ఆర్‌లో కోడు జీ ఉంటుంది. అది 8606లోకి రాదు, 1040లో 5ఏ, 5బీ లైన్లలోకి వెళుతుంది.

ఏడాది మొదట్లో రాత్‌లో నేరుగా వేసి, బోనసో, కంపెనీ షేర్లో వచ్చి ఆదాయం గీత దాటినవారు కూడా ఇక్కడ ఉండే ఉంటారు. వారు ఆ వేసిన సొమ్మును, దాని లాభంతో సహా, ట్రెడిషనల్‌లో వేసినట్లుగా మార్పించుకుని, ఆ తరువాత మళ్లీ రాత్‌కు మార్చవచ్చు. వెనక్కి తిప్పుకునే వీలు పోయింది అన్నారు కదా అంటారేమో, పోయింది మార్పిడిని తిప్పుకోవడం, మొదట వేసినదాన్ని తిప్పుకోవడం కాదు. వీరికి రెండు 1099-ఆర్‌లు వస్తాయి. కోడు ఎన్ అనో, ఆర్ అనో ఉన్నదానికి పన్ను లేదు, జరిగినది ఏమిటో నాలుగు వాక్యాల్లో రాసి రిటర్నుకు జతచేయాలి. కోడు 2 అనో, 7 అనో ఉన్నదే మార్పిడి.

ఇప్పుడు పెద్ద మొత్తాలు మార్చేవారికి. 50,000 మార్చమన్నప్పుడు ఫారంలో పన్ను పట్టుకోమంటారా అని అడుగుతారు. వద్దు అని స్పష్టంగా చెప్పకపోతే 10 శాతం పట్టుకుంటారు. 5,000 ఐఆర్ఎస్‌కు వెళ్లింది, 45,000 రాత్‌కు వెళ్లింది. మార్పిడి ఎంత? 45,000 మాత్రమే. ఆ 5,000 మీరు చేతికి తీసుకున్నట్లు లెక్క, 8606లో 8వ లైనులోకి కాదు, 7వ లైనులోకి వెళుతుంది. 59 సంవత్సరాల ఆరు నెలలు నిండకపోతే దాని మీద 500 డాలర్ల జరిమానా అదనం. అరవై రోజుల్లోగా సొంత జేబులోంచి ఆ 5,000 రాత్‌లో వేస్తే సరిదిద్దుకోవచ్చు. పన్ను ఎప్పుడూ బయటి డబ్బుతో కట్టండి.

మరి డిసెంబరులో మార్చి, ఏప్రిల్‌లో పన్ను కడితే సరిపోతుందా? అన్నివేళలా సరిపోదు. సంవత్సరం పొడుగునా కట్టవలసినది సరిపోకపోతే తక్కువ కట్టినందుకు జరిమానా ఉంది. జీతంలో పట్టినదంతా కలిపి నిరుటి పన్నుకు సమానంగా ఉంటే, నిరుటి ఆదాయం లక్షా యాభై వేలు దాటినవారైతే 110 శాతం ఉంటే, ఆ జరిమానా ఉండదు. జీతంలో పట్టే పన్నును ఏ నెలలో పట్టినా సంవత్సరమంతా సమంగా కట్టినట్లే లెక్కిస్తారు. కనుక ఈ ఏడాది చివరలో మార్చాలనుకునేవారు ఆఖరి రెండు మూడు జీతాల్లో కోత పెంచమని ఆఫీసులో డబ్ల్యూ-4 మార్చి ఇవ్వడం తేలిక దారి.

మన రాష్ట్రం సంగతి కూడా ఒక మాట. ఐఆర్ఏలో వేసిన సొమ్ముకు న్యూజెర్సీ మినహాయింపు ఇవ్వదు. కాబట్టి ఫెడరల్‌లో మినహాయింపు తీసుకుని వేసిన సొమ్ముకు కూడా ఇక్కడ ఎప్పుడో పన్ను కట్టేసి ఉంటారు. ఫెడరల్ అంకెను రాష్ట్రం రిటర్నులో అచ్చుగుద్దినట్లు వేయకండి, న్యూజెర్సీ సూచనల పుస్తకంలో ఐఆర్ఏ కోసం విడిగా వర్క్‌షీటు ఉంది, దాని ప్రకారం లెక్కకట్టండి. 401(కే) నుంచి వచ్చిన రోలోవర్‌కు ఈ వెసులుబాటు వర్తించదు, 1984 నుంచి 401(కే)లో మీరు వేసినదానికి న్యూజెర్సీ పన్ను వేయలేదు కాబట్టి.

తిరిగి హైదరాబాదు, విజయవాడ వెళ్లిపోదామనుకునేవారు ఇద్దరు ముగ్గురు ముందే అడిగారు. అమెరికా పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉంటే అక్కడ ఉన్నా 1040 వేయవలసిందే, ఈ 8606 నియమాలన్నీ అలాగే వర్తిస్తాయి. అక్కడికి వెళ్లిన మొదటి రెండు మూడేళ్లు చాలామందికి ఆర్ఎన్ఓఆర్ హోదా, అంటే నివాసి అయినా ఇంకా సాధారణ నివాసి కాని హోదా, ఉంటుంది, ఆ కాలంలో మామూలుగా విదేశీ ఆదాయం మీద భారతదేశం పన్ను వేయదు. ఇక్కడ జీతం ఆగిపోయింది కాబట్టి ఆదాయం తక్కువ, 2025కు దంపతుల స్టాండర్డ్ డిడక్షనే 31,500. మార్పిడికి ఆ సంవత్సరాలు కొందరికి బాగా కలిసివస్తాయి. కానీ అక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు. ఏ నెలలో మార్చారన్నది రెండు దేశాల్లో రెండు రకాలుగా పడుతుంది. విమానం ఎక్కక ముందే రెండు వైపులా తెలిసినవారిని కూర్చోబెట్టి తేదీలు చూసుకోండి.

చివరిగా, వెనక వరుసలో కూర్చున్న అమ్మ చీటీ మీద రాసి పంపారు. నాలుగేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఒక్క 8606 కూడా వేయలేదు, ఇప్పుడేం చేయాలి అని. కంగారు పడకండమ్మా. పాత సంవత్సరాల 8606ను విడిగా కూడా పంపవచ్చు, ఏ సంవత్సరానిదైతే ఆ సంవత్సరపు ఫారం మీదే నింపాలి. వేయనందుకు ఒక్కోదానికి 50 డాలర్ల జరిమానా చట్టంలో ఉంది, సరైన కారణం చూపితే మాఫీ చేస్తారు. మొత్తం సొమ్ముకు పన్ను కట్టేసి ఉంటే, రిటర్ను వేసిన మూడేళ్లలోపు 1040-ఎక్స్‌తో సవరించి రీఫండు అడగవచ్చు. అంటే మీ నాలుగేళ్లలో మొదటిది 2022 అయితే, దాని రిటర్నుకు గడువు ఈ ఏప్రిల్‌లోనే దాటిపోతుంది, కాబట్టి దానితోనే మొదలుపెట్టండి. పాత బ్రోకరేజీ స్టేట్‌మెంట్లు, 5498లు తీసి, సంవత్సరాల వరుసలో, మొదటి ఏడాది 14వ లైను రెండో ఏడాది 2వ లైనులోకి వెళ్లేలా నింపండి. విడిగా పంపే 8606 మీద రెండో పేజీ అడుగున సంతకం పెట్టే చోటు ఉంటుంది, రిటర్నుతో జతచేసినప్పుడు అక్కడ సంతకం అక్కరలేదు, విడిగా పంపేటప్పుడు మాత్రం పెట్టాలి. మీ ఫారం మీద మీరు, వారి ఫారం మీద వారు. ఇప్పుడు 1099-ఆర్ తెచ్చుకున్నవారు వెనక బల్ల దగ్గరికి రండి, టీ వచ్చేలోపు రెండు మూడు చూద్దాం.